శిశువులకు లెక్క నేర్పిన వైద్యురాలు – మేరియా మాంటిస్సోరి

కళ్ళములో కుంచముతో ధాన్యము కొలిచిన దినములలో కృష్ణా డెల్టా రైతులు మొదటి కుంచమును ఒకటి యని పిలిచెడివారు కారు, లాభమనెడివారు. పిమ్మటనే రెండు, మూడు అని లెక్క సాగెడిది. పేరు మారినంతమాత్రమున కుంచములోని గింజలు తరుగుటగాని పెరుగుటగాని లేదు. సంఖ్యకు పెట్టిన పేరు వేఱు, ఆ పేరు సూచించు రాశి వేఱు అను సూక్ష్మము ఆ కొలతలో నిమిడి యున్నది. పసిపిల్లల బడిలో మాత్రము ఈ సూక్ష్మము తరచుగా మఱుగుపడుచుండును. నాలుగేండ్ల పిల్లవాడు ఒకటి మొదలు నూరు వరకు ఊపిరి తిప్పుకొనక వల్లించును, ఇంటిల్లిపాదియు మురిసిపోవుదురు. ఆ పిల్లవాని ముందు గుప్పెడు చింతగింజలు పోసి ఏడు గింజలు తీసి యిమ్మన్నచో చేతికందినన్ని తీసి యిచ్చును. ఎంచుమన్నచో వ్రేలు ఒక గింజపై నుండగనే నోరు రెండంకెలు దాటిపోవును. వానికి జ్ఞాపకశక్తి కొఱత లేదు. సంఖ్య యింకను పట్టువడలేదు. నోటికి వచ్చిన లెక్క చేతికి ఎట్లు వచ్చునను ప్రశ్నకు ఇటలీ దేశపు వైద్యురాలొకతె తన జీవితములో అర్ధశతాబ్దమును ధారవోసెను. ఆమె మన తెలుగునేలకు పొరుగుననే, మదరాసులో, ఆంగ్లప్రభుత్వపు నిర్బంధములో కొంతకాలము గడపవలసి వచ్చుట పలువు రెరుగని సంగతి.

మేరియా మాంటిస్సోరి 1870వ సంవత్సరము ఆగష్టు 31వ తేదీన ఇటలీలోని కియరవల్లె యను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి అలెస్సాండ్రో ఆర్థికశాఖలో ఉద్యోగి. పొగాకు పరిశ్రమకు సంబంధించిన లెక్కలు ఆయన చేతిమీదుగా నడిచెడివి. తల్లి రెనిల్డె గ్రంథపఠనమున అమితాసక్తి గల విదుషి. 1875లో ఆ కుటుంబము రోము నగరమునకు తరలెను. తండ్రికి కుమార్తె ఉపాధ్యాయిని కావలెనని కోరిక. బాలిక మాత్రము ఆ యొక్క వృత్తి తప్ప మఱేదైనను సరే యన్నట్లు, పదమూడవయేట మగపిల్లల సాంకేతిక పాఠశాలలో చేరి గణితము నభ్యసించెను. ఇంజనీరు కాగోరిన యామె పిమ్మట వైద్యశాస్త్రమునకు మరలెను. ఆ కాలమున రోము విశ్వవిద్యాలయమున స్త్రీలు వైద్యము చదువుట అరుదు. పురుషులతో కలిసి శవపరీక్ష చేయుట తగదని యెంచి, అందరును వెడలిన పిమ్మట ఆమెను ఒంటరిగా ఆ గదిలో పని చేయనిచ్చిరి. అట్టి కష్టముల కోర్చి 1896 జూలైలో ఆమె వైద్యపట్టమును పొందెను. ఉపాధ్యాయవృత్తిని త్రోసిపుచ్చిన యామెయే కడపట ఉపాధ్యాయులకు ఉపాధ్యాయిని యగుట విధివిలాసము.

పట్టము పొందిన పిదప ఆమె రోములోని మానసిక చికిత్సాలయమున పనిచేసెను. బుద్ధిమాంద్యము గల శిశువులను ఆనాడు పిచ్చివారితోపాటే బంధించి యుంచెడివారు. ఆ గదులలో బొమ్మ లేదు, పుల్ల లేదు. పట్టుకొనుటకు ఒక్క వస్తువైనను లేదు. భోజనమైన పిమ్మట ఆ పిల్లలు నేలపై రాలిన రొట్టెముక్కల కొఱకు ప్రాకులాడుట చూచి కావలివారు అసహ్యించుకొనెడివారు. మేరియాకు అందు వేఱొక యాకలి గోచరించెనని చెప్పుదురు. ఆ పిల్లల చేతులు వస్తువుల కొఱకు అలమటించుచున్నవని ఆమె గ్రహించెను.

అంతట ఆమె పూర్వులు ఈ విషయమున నేమి చేసిరో వెదకసాగెను. అడవిలో దొరికిన బాలునికి విద్య గఱపయత్నించిన ఇటార్డు, ఆయన శిష్యుడు సెగ్విను అను ఫ్రెంచి వైద్యుల గ్రంథములు ఆమెకు లభించెను. వానిని పైపైన చదివి వదలక, తన భాషలోనికి మార్చుకొని, మొదటినుండి తుదివరకు స్వహస్తముతో వ్రాసికొనెను. సెగ్విను గ్రంథమొక్కటియే 600 పుటలు. తాటియాకుపై ఘంటముతో భారతమును ప్రతి చేసికొన్న మన పెద్దలకు ఈ శ్రమలోని యంతరార్థము చక్కగా తెలియును. వ్రాసినది మనస్సున నిలుచును. ఒక్కొక్క మాటను తూచి చూచుటకు వ్రాయు చేయి అవకాశమిచ్చును.

1900లో రోమున అట్టి శిశువుల కొఱకు నెలకొల్పబడిన పాఠశాలకు ఆమె యొక నిర్వాహకురాలయ్యెను. పగలు పిల్లలకు చెప్పుట, రాత్రి ఆనాటి సంగతులు వ్రాసి పరిశీలించుట ఆమె నిత్యకృత్యము. ఏమియు రాదని లోకము విడిచివేసిన ఆ పిల్లలలో కొందరు సాధారణ బాలురతో సమానముగ పరీక్షలలో నెగ్గిరి. అందరును ఆశ్చర్యపడి ఆమెను కొనియాడిరి. ఆమె యాశ్చర్యము వేఱు. మందబుద్ధులే యింత దూరము రాగలిగినపుడు చక్కని బుద్ధి గల పిల్లలు వారితో సమానముగ మాత్రమే యుండుటకు కారణమేమి? వారి పాఠశాలలు వారి నెట్లు అణచివేయుచున్నవి? ఈ ప్రశ్నయే ఆమె నావలి దారి పట్టించెను.

ఈ కాలముననే ఆమె జీవితమున దాచుకొనవలసి వచ్చిన దుఃఖమొకటి ఏర్పడెను. ఆ పాఠశాలలో సహనిర్వాహకుడైన వైద్యునివలన 1898లో ఆమెకు మారియో యను కుమారుడు కలిగెను. వివాహము జరుగలేదు. ఆనాటి సంఘమున ఆ సంగతి బయటపడినచో ఆమె విద్యయు వృత్తియు మంట గలిసెడివి. శిశువును పల్లెలో నొక కుటుంబమునకు పెంపకమున కిచ్చి, తానెవరో చెప్పక అప్పుడప్పుడు పోయి చూచి వచ్చుచుండెడిది. పరుల బిడ్డలకై రాత్రింబవళ్ళు పాటుపడిన యామె తన బిడ్డను చేరదీయుటకు పదునైదేండ్లు పట్టెను. ఆమెను తూలనాడుట సులభము. ఆనాటి లోకమును విడిచిపెట్టి ఆమెను మాత్రమే తూలనాడుట న్యాయము కాదు.

1907 జనవరి 6వ తేదీన రోములోని సాన్ లొరెంజో యను పేదల పేటలో ఆమె తొలి శిశుగృహము తెఱువబడెను. ఆ పేటలోని పాత యిండ్లను బాగుచేయించిన గృహనిర్మాణ సంఘమువారు, తల్లిదండ్రులు కూలికి పోయినపుడు పిల్లలు గోడలపై గీతలు గీసి మెట్లు పాడుచేయకుండ, వారిని ఒక గదిలో నుంచి చూచుకొనువారు కావలెనని కోరిరి. విద్యకొఱకు ఏర్పడినది కాదు. గోడల రక్షణకొఱకు ఏర్పడినది. మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకు వయసు గల యేబదిమందికి పైగా పిల్లలు చేరిరి. జర్మనీలో ఫ్రోబెలు పండితుడు 1840లో తన శిశుపాఠశాలకు పిల్లల తోట యని పేరిడి, దారుశకలములతో ఆటలు నేర్పియుండెను. మాంటిస్సోరి యా దారిని ఎఱుగును. అయినను ఆమె మందబుద్ధుల కొఱకు చేయించిన కొయ్య సామగ్రిని ఈ పిల్లల ముందుంచి, తాను వెనుకకు తగ్గి చూచుచుండెను.

ఒకనాడు మూడేండ్ల బాలిక యొకతె కొయ్య దిమ్మెలోని గుంటలలో వానికి సరిపడు చిన్న స్తంభములను అమర్చుచు, తీయుచు, మరల అమర్చుచుండెను. తక్కిన పిల్లలచేత పాట పాడించిరి. బాలిక తల యెత్తలేదు. కూర్చున్న కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెట్టిరి. దిమ్మెను ఒడిలోనికి లాగుకొని పని సాగించెను. నలుబదిసార్లకు పైగా చేసి, నిద్ర మేల్కొన్నట్లు తృప్తిగా నలుదెసల చూచెను. పసిపిల్లల చిత్తము చంచలమను నానుడిని మాంటిస్సోరి ఆనాటితో నమ్మ మానెను.

లెక్కల విషయమునకు వత్తము. మొదట ఆమె నాణెములతో ప్రారంభించెను. చిల్లర మార్చుట పిల్లలకు మిక్కిలి ప్రీతి. అంగడికి పోయి వచ్చు పిల్లకు ఎక్కము రాకున్నను మిగిలిన చిల్లర యెంతో తెలియుట మన యూళ్ళలోను కలదు. పిమ్మట ఆమె పది కఱ్ఱకోలలను ప్రవేశపెట్టెను. అన్నిటికంటె చిన్నది 10 సెంటీమీటర్లు, పెద్దది ఒక మీటరు. ప్రతి 10 సెంటీమీటర్లకు ఎఱుపు, నీలము రంగులు మార్చి మార్చి వేయబడి యుండును. చింతగింజ లుండగా ఈ కోల లెందులకని అడుగవచ్చును. సమాధాన మిది. పిల్లవాడు ఐదు గింజలను ఎంచి, ఐదు ఎక్కడ యని యడిగినచో చివరి గింజను చూపును. ఐదనునది ఆ యొక్క గింజ పేరని వాని భ్రమ. ఐదవ కోల యట్లు కాదు. అది చేతిలో నొకే వస్తువు. దానిలో ఐదు భాగములున్నవని వ్రేలితో తాకి యెంచవచ్చును. నాలుగవ కోలకంటె అది పొడవని కంటికి తెలియును, బరువని చేతికి తెలియును. ఒకటవ కోలను తొమ్మిదవ దాని చివర చేర్చినచో పదవ దానితో సమానమగును. అట్లే రెండు ఎనిమిదితో, మూడు ఏడుతో, నాలుగు ఆరుతో కలియును. ఐదు ఒంటరిగా మిగులును. దానిని పదవ కోల ప్రక్కన పరచి, అది ముగిసిన చోటినుండి మరల పల్టీ వేయించినచో పది నిండును. కూడిక, తీసివేత, ద్విగుణము అను మాటలు చెప్పకయే మూడు సంగతులును పిల్లవాని చేతిలో జరిగిపోవును.

అంకెల రూపములను ఆమె గరుకు కాగితముతో కత్తిరించి నున్నని పలకలపై అంటించెను. పిల్లలు రెండు వ్రేళ్ళతో వానిని తడవుచు పేరు చెప్పవలెను. ఇసుకలో వ్రేలితో దిద్దించిన మన వీధిబడి పంతుళ్ళు ఈ రహస్యమును ఆమెకంటె ముందే యెఱిగిరనుట అతిశయోక్తి కాదు. అయితే వారు దిద్దుబాటును రూపముతోనే ఆపి, రాశిని ఎక్కములకు విడిచిరి. ఆమె రూపమును రాశిని జతపఱచెను. భేదమంతయు అచ్చటనే యున్నది.

ఆమె పాఠములన్నింటిలో సున్న పాఠము ముచ్చటైనది. లెక్కపెట్టుటకు ఏమియు లేనిదానిని వస్తువులతో నెట్లు నేర్పవలెను? ఆమె యొక పిల్లవానిని పిలిచి తన దగ్గరకు సున్న మారులు రమ్మని చెప్పెడిది. వాడు పరుగెత్తుకొని వచ్చెడివాడు. నీవు ఒక మారు వచ్చితివి, నేను చెప్పినది సున్న మారులు గదా యని ఆమె యనగా వాడు తెల్లబోయెడివాడు. మరల మరల అట్లే చేయగా, కదలక కూర్చుండుటయే దీనికి జవాబని ఎవరో యొకరు గ్రహించి నవ్వెడివారు. ఆ నవ్వు గది యంతట వ్యాపించెడిది. మఱియొక యాటలో పిల్లలు మడిచిన చీటీలను తీసికొని, విప్పి రహస్యముగా చదివికొని, వానిలోని సంఖ్యకు సరిపడు వస్తువులను బల్లమీదినుండి తెచ్చుకొనవలెను. సున్న చీటీ వచ్చినవాడు అందరును వస్తువులు తెచ్చుకొనుచుండగా ఊరక కూర్చుండవలెను. రెండు వచ్చినవాడు, ఎన్నో వస్తువులు ఎదుట నుండగా, రెండే తీసికొని మరలవలెను. ఇది బుద్ధికంటె నిగ్రహమునకు పరీక్షయని ఆమె కనిపెట్టెను. లెక్క సరిగా చూపుట శీలమునకు సంబంధించిన విషయమని చిట్టా వ్రాయువారికి ఒకరు చెప్పనక్కఱలేదు.

ఇంక కదుళ్ళ పెట్టె. అందు సున్న మొదలు తొమ్మిది వరకు అంకెలు వేసిన పది గడులుండును. నూలు వడకు కదురువంటి పుల్లలు 45 ఇత్తురు. ఒకటవ గడిలో ఒకటి, రెండవ గడిలో రెండు, ఇట్లు వేయుచు పోవగా తొమ్మిదవ గడి నిండునప్పటికి చేతిలో నొక్క పుల్లయు మిగులరాదు, తక్కువయు కారాదు. తప్పు జరిగినచో ఉపాధ్యాయురాలు నోరు విప్పనక్కఱలేదు. నిలువ తేలకుండుటయే తప్పును చెప్పును.

పదికి పై సంఖ్యలకు బంగారురంగు పూసలను కల్పించిరి. విడిపూస ఒకటి, పది పూసల తీగ పది, పది తీగల చదరము నూరు, పది చదరముల ఘనము వేయి. నాలుగేండ్ల పిల్లలు తట్టలు పట్టుకొని పోయి, ఒకరు 1,364, వేఱొకరు 2,458 పూసలు తెచ్చి కలుపుదురు. విడిపూసలు పండ్రెండైనవి, పదింటిని ఇచ్చివేసి ఒక తీగ పుచ్చుకొందురు. తీగలు మరల పండ్రెండగును. పదింటికి ఒక చదరము వచ్చును. తుదకు తట్టలో 3,822 నిలుచును. పెద్దబడిలో పైకి ఒకటి యని గుడ్డిగా వేయు అంకె యేమిటో ఈ పిల్లలు చేతితో మోసి తెలిసికొందురు. ఇందు తెలుగు పిల్లలకు నొక సౌలభ్యము కలదు. పదమూడు, పదునాలుగు అను మాటలలోనే పదియు, దానిపై మూడు నాలుగులును వినబడుచున్నవి. తొమ్మిదివద్ద మాత్రము భాష కొంచెము పెడదారి పట్టును. పందొమ్మిది దాటి ఇరువదిలో అడుగిడునపుడే పిల్లలు తడబడుట అందఱు నెఱిగినదే.

1909లో ఆమె పద్ధతిని వివరించు గ్రంథము వెలువడెను. కొలది యేండ్లలోనే అనేక భాషలలోనికి పరివర్తనము చెందెను. అమెరికావారు 1913లో ఆమెకు బ్రహ్మరథము పట్టిరి. మఱుసటి యేడే కిల్‌పాట్రిక్ అను ఆచార్యుడు ఆమె పద్ధతిని విమర్శించి పుస్తకము వ్రాయగా అచ్చట ఆ వేడి క్రమముగా చల్లారెను. ఆ సామగ్రి ఒక్కొక్కటి ఒక్కొక్క విధముగనే వాడవలెనను నియమము పిల్లల కల్పనకు సంకెల యని యాయన యాక్షేపణ. అందు కొంత సత్యము లేకపోలేదు. పసివారికి అద్భుతకథలు తగవని ఆమె పట్టిన పట్టు తెలుగువారి కెన్నడును రుచింపదు. పేదరాశి పెద్దమ్మ కథలలో ఏడుగురు కొడుకులను ఏడు చేపలను ఎంచుకొనుచు పెరిగిన పిల్లలకు లెక్క చెడలేదు గదా.

ఆమె జీవితమున మఱియొక మచ్చ కలదు. 1924 మొదలు ముస్సోలినీ ప్రభుత్వము ఆమె పాఠశాలలకు ఆశ్రయమిచ్చెను, ఆమె స్వీకరించెను. స్వేచ్ఛయే శిశువునకు ప్రాణమని చెప్పు విద్య నియంత నీడలో ఎన్నాళ్ళు నిలుచును? పదేండ్లలో పొత్తు చెడినది. 1934లో ఆమె స్వదేశమును వీడెను, పాఠశాలలు మూతపడెను. జర్మనీలో నాజీలు అంతకుముందే మూయించిరి. ఆ 1934లోనే శిశుగణితమును గూర్చిన ఆమె బృహద్గ్రంథము స్పెయిను దేశమున బార్సిలోనాలో అచ్చయ్యెను. 1936లో అచ్చటను అంతర్యుద్ధము చెలరేగగా హాలండు చేరెను.

1931లో గాంధీమహాత్ముడు లండనులో ఆమెను కలిసికొనెను. 1939 నవంబరులో, దివ్యజ్ఞానసమాజాధ్యక్షుడగు అరండేలుగారును రుక్మిణీదేవిగారును ఆహ్వానింపగా ఆమె మదరాసు అడయారునకు విచ్చేసెను. అప్పటి కామెకు 69 ఏండ్లు. దేశము నలుమూలలనుండి సుమారు 300 మంది శిక్షణకై వచ్చిరి. ఆమె ఇటాలియను భాషలో చెప్పగా కుమారుడు మారియో ఆంగ్లములోనికి మార్చెడివాడు. అప్పటికిని లోకమునకు అతడామె మేనల్లుడనియో పెంపుడుకొడుకనియో చెప్పుచుండిరి.

1940 జూనులో ఇటలీ యుద్ధమున దిగెను. ఇటలీ ప్రజలగుటచే తల్లీకొడుకు లిద్దఱును శత్రుదేశీయులైరి. మారియోను అహమ్మదునగరు శిబిరమునకు తరలించిరి. ఆమెను అడయారు ఆవరణము దాటరాదని కట్టడి చేసిరి. ఆగష్టు 31న ఆమెకు 70 ఏండ్లు నిండెను. ఆనాడు రాజప్రతినిధి తంతి పంపెను. జన్మదినమున ఆమె కీయదగిన కానుక కుమారుని విడుదలయే యని తలచినట్లు అందుండెను. నలుబదియేండ్లుగా ఆమె పైకి చెప్పుకొనలేని మాటను ప్రభుత్వపు తంతికాగితము చెప్పివేసెను.

విడుదల యైనను యుద్ధము ముగియువరకు దేశము విడుచుటకు వీలులేదు. 1942 మొదలు రెండేండ్లు కొడైకెనాలులో నివసించి, వేఱువేఱు వయసుల పిల్లలను ఒకే చోట చేర్చి పెద్దతరగతుల పాఠములను తీర్చిదిద్దెను. 1946లో వెడలి, మరల 1947లో వచ్చి, రెండేండ్లుండెను. ఆమెవద్ద ఈ దేశమున శిక్షణ పొందినవారు వేయిమందికి పైబడుదురు. నోబెలు శాంతి బహుమానమునకు మూడు మారులు ఆమె పేరు సూచింపబడెను గాని రాలేదు. 1952 మే 6వ తేదీన హాలండు సముద్రతీరమున నూర్డ్‌వైక్ అను ఊర ఆమె కన్నుమూసెను. అచ్చటనే ఖననము చేసిరి. పొమ్మన్నట్లు చేసిన స్వదేశము 1990లో వేయి లీరాల నోటుపై ఆమె ముఖమును ముద్రించెను.

తెలుగుదేశమున ఆమె పద్ధతికి విజయవాడ ముఖ్యస్థాన మయ్యెను. కోటేశ్వరమ్మగారు 1955లో అచ్చట మాంటిస్సోరి పేర శిశుపాఠశాలను స్థాపించి పెంచిరి; 2017లో పద్మశ్రీ పొందిరి. ఆ పేరిట బల్లలు ఇప్పుడు పట్టణము పట్టణమునను కలవు. లోపల మూడేండ్ల పిల్లలు నోటు పుస్తకములో ఒకటి నుండి నూరు వరకు నాలుగు మారులు వ్రాయుచుండిన యెడల ఆ బల్లపై ఆమె పేరుండుట ఆమెకు జరిగిన అపచారమే.

ఖరీదైన పూసలు, సానపట్టిన కొయ్యసామగ్రి గ్రామములకు అందవను మాట నిజము. 1975లో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకముక్రింద నడచు అంగన్‌వాడీలలో గది యొకటి, పిల్లలు ఇరువదిమంది, ఆయమ్మ యొకతె. అయినను లెక్కకు కావలసిన వస్తువులు ఆ గదిలోనే యున్నవి. గడప బయట విడిచిన చెప్పులను జతలు చేయించినచో సరి బేసి తెలియును. జత దొరకని చెప్పును ఏ పిల్లవాడును మఱవడు. భోజనవేళ ఒక పిల్లచేత ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క కంచము పెట్టించినచో, పిల్లలెందరో కంచములన్ని యను సంగతి అంకెల పేర్లు రాకమునుపే తెలియును. వెదురు బద్దలను కొలతకు కోయించి రంగులు వేసినచో పది కోలలగును. కొబ్బరి యీనెలు పదింటిని దారముతో కట్టినచో పది. అట్టి కట్టలు పది చేర్చి కట్టినచో నూరు. వామనగుంటల పీటయుండనే యున్నది. రెండు వరుసల పదునాలుగు గుంటలలో గింజలు పంచుచు ఆడిన బాలికలకు భాగహారము ఆటలోనే అలవడెడిది. చింతగింజలు మాత్రము మూడేండ్లు నిండనివారి చేతి కీయరాదు. ముక్కులోను నోటిలోను పెట్టుకొందురు.

కదుళ్ళ పెట్టెకు బదులు పాత అట్టపెట్టెలు పదింటిని వరుసగా నుంచి, పైని అంకెలు వ్రాసి, 45 ఈనె పుల్లలను పిల్లల చేతికీయవచ్చును. సున్న పెట్టెలో ఏమియు వేయరాదని ముందే చెప్పినను, అది ఖాళీగా నుండుట చూడజాలక మొదటి దినమున ఎవరో యొకరు అందులో ఒక పుల్ల వేయుదురు. అపుడు తొమ్మిదవ పెట్టెకు ఒక పుల్ల తక్కువగును. పిల్లలు తమలో తాము వాదులాడుకొని, ఒక్కొక్క పెట్టెను మరల క్రింద పోసి ఎంచి, ఆ పుల్ల ఎక్కడ నున్నదో వారే వెదకి పట్టుకొందురు.